నిజాం రైల్వే తాళం కప్ప: ఒక్క అక్షరం కోసం రెండు నెలలు

హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే గురువారం సంత జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తే పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కాక మంచి సామాను మిగలదు. ఆ గురువారం ఒకతను టార్పాలిన్ మీద పాత నల్లాలు, సైకిల్ చెయిన్లు, మిక్సీ మోటార్లు పరిచి కూర్చున్నాడు, వాటి మధ్యలో నల్లటి ముద్దలా ఒక తాళం కప్ప కనిపించింది. చేతిలోకి తీసుకోగానే బరువు తెలిసిపోయింది. జేబులో ఎప్పుడూ చిన్న అయస్కాంతం పెట్టుకుంటా, పెట్టి చూశా, పైన వంపు కడ్డీకి టక్కున అతుక్కుంది, ఒంటికి మాత్రం అంటుకోలేదు. అంటే ఇత్తడి ఒళ్లు, ఇనుప కడ్డీ. ఇనప కప్పకి ఇత్తడి పూత పూసి అమ్మేవి చాలా వస్తున్నాయి కాబట్టి ఈ ఒక్క పరీక్ష చేయకుండా నేను ఏదీ కొనను.

"ఏం జేస్తవన్నా దీన్తోని, చాబీ గూడ లేదు" అన్నాడు. 700 అడిగాడు, 500కి ఇచ్చాడు. ఇంటికొచ్చి తూస్తే 640 గ్రాములు.

ఇంతకుముందు ఒక తప్పు చేశాను, అది చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా తాత వాడిన ఇత్తడి తాళం కప్ప ఒకటి ఉండేది, కాజీపేటలో మా పాత ఇంటి కొట్టు గదికి వేసేవాళ్లు. దాన్ని నేను మెరిపిద్దామని రాత్రంతా చింతపండు నీళ్లలో నానేశా, పొద్దున చూస్తే గులాబీ రంగు తేలింది, ఎందుకంటే ఇత్తడి అంటే రాగి, జింకు కలిసింది, పులుపులో ఎక్కువసేపు ఉంచితే పైపొరలో జింకు పోయి రాగి బయటపడుతుంది. పైగా లోపలి ఇనుప లివర్లు, అంటే చెవి తిప్పితే లేచే రేకులు కూడా అదే పులుసులో నానాయి కదా, అవి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఆ రంగు పోగొడదామని పాలిష్ షాపుకి ఇచ్చా, మిషను చక్రం మీద పట్టి అద్దంలా చేసి ఇచ్చాడు. అక్షరాలు ఉండేవి దాని మీద, నా చిన్నప్పుడు మా తాత నాతో చదివించినవి, అవి పూర్తిగా అరిగిపోయాయి. ఇప్పుడు అది ఎవరి తాళమో ఏ ఊరిదో చెప్పే దారే లేదు. చింతపండు బిందెలకి మంచిది, దేవుడి సామానుకి మంచిది, తాళం కప్పకి వద్దు.

అందుకే ఈసారి మొదటి వారం అసలు శుభ్రమే చేయలేదు, కేవలం చూశాను. గదిలో లైటు ఆపేసి ఫోన్ టార్చి పక్క నుంచి, దాదాపు తాళానికి ఆనించి వేస్తే, పగటి వెలుతురులో కనపడని గీతలు కూడా నీడలతో లేచి కనిపిస్తాయి. వెనకవైపు మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని, ముందు సిక్స్ లివర్స్ అని, దాని కింద ఎన్, తర్వాత కొంచెం ఖాళీ, తర్వాత ఎస్, ఆర్. నిజాం స్టేట్ రైల్వే అని నాకు అప్పుడే గుండె కొట్టుకుంది, మా తాత పనిచేసింది కూడా ఆ లైన్లోనే. కానీ ఆ ఖాళీ ఏంటి? అక్షరాలు చెక్కేవాడు మిగతావి సమానంగా కొట్టి అక్కడ మాత్రం ఎందుకు ఎడం వదుల్తాడు?

తర్వాత కిరోసిన్. పాత హార్లిక్స్ సీసాలో మునిగేలా పోసి వారం రోజులు వదిలేశా, రోజూ ఒకసారి తలకిందులుగా తిప్పి పెట్టేవాడిని. మూడో రోజుకి తాళం చెవి రంధ్రంలోంచి నల్లటి గ్రీజు, బొగ్గు మసి లాంటిది కారడం మొదలైంది. చాలామంది తాళం తిరగట్లేదని కొబ్బరి నూనె పోస్తారు, అది వెంటనే తిరిగినట్టు అనిపిస్తుంది కానీ కొన్నాళ్లకి దుమ్ముతో కలిసి జిగురైపోతుంది, ఇందులోంచి వచ్చిన మడ్డిలో సగం అదే అయ్యుండాలి. మెత్తటి టూత్ బ్రష్‌తో ఒళ్లంతా తోమా, అక్షరాల్లో మాత్రం అగరుబత్తి పుల్ల చెక్కి దాంతో తీశా, సూది పొరపాటున కూడా వాడొద్దు, ఇత్తడి గీసుకుపోతుంది. రివెట్లు ఊడదీసి లోపల చూద్దామన్న ఆశ నాకూ కలిగింది కానీ ఆ పని చేయకూడదు, ఒకసారి డ్రిల్లు పెట్టిన రివెట్టు మళ్లీ పాతది కాదు.

ఖాళీ సంగతి పెన్సిల్‌తో తేలింది. పల్చటి బటర్ పేపర్ అక్షరాల మీద పరిచి మెత్తటి పెన్సిల్ పక్కకి వాల్చి రుద్దితే, చిన్నప్పుడు నాణేల బొమ్మలు తీసినట్టు, కంటికి ఆనని లోతులు కూడా కాగితం మీద తెల్లగా వస్తాయి. నాలుగోసారి రుద్దినప్పుడు ఎన్‌కి ఎస్‌కి మధ్యలో ఒక గుండ్రటి వంపు, దానికి లోపల చిన్న అడ్డగీత. జి. ఎన్ జి ఎస్ ఆర్. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే.

ఆ ఒక్క జి వల్ల తాళం వయసు మారిపోయింది. సికింద్రాబాద్ నుంచి ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ దాకా మొదటి లైను 1874లో వచ్చింది, తర్వాత దాన్ని గ్యారంటీ మీద ఒక ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పారు, అంటే లాభం తగ్గితే నిజాం ఖజానా నుంచి పూడ్చిపెడతామని మాట. బెజవాడ దాకా 1889లో కలిపింది ఆ కంపెనీయే. 1930 ఏప్రిల్‌లో నిజాం ప్రభుత్వం కంపెనీని కొనేసింది, అప్పట్నుంచి పేర్లో గ్యారంటీడ్ పోయి వట్టి నిజాం స్టేట్ రైల్వే అయింది, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. అంటే జి ఉన్న తాళం 1930కి ముందు ఆర్డరు పెట్టింది. తర్వాత కూడా ఎన్నో ఏళ్లు గూడ్స్ షెడ్డుకో స్టోరు గదికో వేలాడే ఉంటుంది, రైల్వేలో పాత సామాను ఊరికే పారేయరు. ఆ జి లోతు గోరు అంచంత కూడా లేదు, పాలిష్ చక్రం మీద ఒక్క నిమిషం పెట్టి ఉంటే నేను దీన్ని 1930 తర్వాతదే అని నమ్మేవాడిని, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇనుప కడ్డీ తుప్పుకి మాత్రం వెనిగర్ వాడా, కానీ ముంచలేదు. గుడ్డ తడిపి కడ్డీకి మాత్రమే చుట్టి, ఒంటికి తగలకుండా ప్లాస్టిక్ కవరు కట్టి, రెండు గంటలకోసారి విప్పి చూస్తూ అల్యూమినియం ఫాయిల్ ఉండచేసి రుద్దా. తర్వాత వంటసోడా నీళ్లతో తుడిచి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి, లేకపోతే గంటలోనే మళ్లీ ఎర్రగా పూస్తుంది.

ఇక చాబీ. రంధ్రం మధ్యలో సన్నటి పుల్ల లాంటి కడ్డీ నిలబడి ఉంది, అంటే దీనికి గొట్టం ఉన్న తాళం చెవి కావాలి. లివర్ తాళంలో ఒక్కో రేకు సరిగ్గా తన ఎత్తుకే లేవాలి, తక్కువ లేచినా ఎక్కువ లేచినా గడియ కదలదు, ఇక్కడ అలాంటివి ఆరు. ఫుట్‌పాత్ మీద ఆకురాళ్లు పెట్టుకుని కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే కోసేద్దామన్నారు, ఈయన మాత్రం తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి విన్నాడు.

"కిరోసిన్ పెట్టినవా బేటా?"

"వారం పెట్టిన చాచా."

"అట్లయితే అయితది. జబర్దస్తీ చేయొద్దు, టైమ్ ఇయ్యి."

ఇంకా పళ్లు కోయని ఖాళీ తాళం చెవిని కొవ్వొత్తి పొగలో నల్లగా చేసి లోపల పెట్టి మెల్లగా తిప్పి తీశాడు, మసి ఎక్కడ చెదిరిందో అక్కడ లివరు తగిలినట్టు, అక్కడ ఆకురాయితో రెండు గీతలు, మళ్లీ పొగ, మళ్లీ లోపలికి. నేను మూడు శనివారాలు వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నా, టీ తెచ్చిచ్చా, ఆయన చేతులు చూశా. ఎక్కడ ఆపాలో ఆయన వేళ్లకి తెలుసు, మాటల్లో అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు. మూడో శనివారం మధ్యాహ్నం పైనున్న వంపు కడ్డీ పైకి ఎగిరింది, ఆయన నాకంటే ముందు నవ్వాడు. 600 తీసుకున్నాడు, నేను వెయ్యి ఇస్తే 400 తిరిగిచ్చేశాడు.

లోపల నూనె వేయలేదు, పెన్సిల్ ములుకు పొడి చేసి ఊదా. ఒంటికి తేనెమైనం పల్చగా రాసి గుడ్డతో తుడిచా, ఇత్తడి గోధుమ రంగు అలాగే ఉంచా. కొత్త చెవికి మాత్రం ఒక అట్టముక్క కట్టి, ఇది తర్వాత చేయించిన చెవి, తాళంతో వచ్చింది కాదు అని పెన్నుతో రాసి తారీకు వేశా. నా తర్వాత ఈ తాళం ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు చెవిని చూసి పొరబడకూడదు.