ఐరన్ మెయిడెన్ కచేరీ రికార్డులు: లాంగ్ బీచ్ నుంచి ముంబయి దాకా

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌ను ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టి వినాలని ఎవరైనా అడిగితే నేను స్టూడియో ఆల్బమ్ పేరు చెప్పను. 1985 అక్టోబరులో విడుదలైన ‘లైవ్ ఆఫ్టర్ డెత్’ అనే కచేరీ రికార్డు పేరే చెబుతాను. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, ఇంజనీరింగ్ హాస్టల్లో పట్టుకున్న హెవీ మెటల్ పిచ్చిని ఇంకా వదలని తెలుగువాళ్ళు మా ఆఫీసులోనే కొందరున్నారు. వారిలో చాలామంది కచేరీ రికార్డులను పెద్దగా ఖాతరు చేయరు. స్టూడియోలో శుభ్రంగా పాడిన పాట ఉండగా జనం అరుపుల మధ్య దాన్నే మళ్ళీ వినడమెందుకన్నది వారి వాదన. చాలా బ్యాండ్ల విషయంలో ఆ వాదనను నేనూ కాదనను. ఐరన్ మెయిడెన్ విషయంలో మాత్రం అది చెల్లదని, ఆ బ్యాండ్ ఎప్పుడు ఎదిగిందో, ఎప్పుడు అలసిందో, ఎప్పుడు చీలిపోయి మళ్ళీ కలిసిందో దాని కచేరీ రికార్డులే స్టూడియో ఆల్బమ్‌ల కన్నా నిజాయితీగా చెబుతాయని నా అభిప్రాయం.

స్టీవ్ హారిస్ అనే బేస్ గిటార్ వాద్యకారుడు 1975 డిసెంబరు 25న తూర్పు లండన్‌లోని లేటన్‌లో ఈ బ్యాండ్‌ను మొదలుపెట్టాడు. పాల్ డియానో గాయకుడిగా 1980లో తొలి ఆల్బమ్, మరుసటి ఏడాది రెండోదీ వచ్చాయి. డియానో గొంతులో వీధి మొరటుతనం ఉండేది. ఆ తొలి పాటలకు అది చక్కగా అతికింది. అయితే హారిస్ రాస్తున్న పాటలు రానురాను పొడవై, కథలు చెప్పే దిశగా సాగుతుండడంతో వాటికి తగిన గొంతు అవసరమైంది. 1981లో బ్రూస్ డికిన్సన్ వచ్చాడు. అతనితో చేసిన 1982 నాటి మూడో ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ ఏడాది చివర డ్రమ్స్ దగ్గరికి నికో మెక్‌బ్రెయిన్ కూడా చేరాక, డేవ్ ముర్రే, ఏడ్రియన్ స్మిత్ గిటార్లతో కలిపి, ఈ బ్యాండ్ పేరెత్తగానే అభిమానులకు గుర్తొచ్చే అయిదుగురి జట్టు పూర్తయింది.

ఈ బ్యాండ్‌ను మెలోడిక్ మెటల్‌కు, అంటే బాణీకి ప్రాధాన్యమిచ్చే మెటల్‌కు, పెద్దదిక్కుగా చెప్పడానికి కారణం ఆ రెండు గిటార్లే. ఇద్దరూ ఒకే బాణీని వాయిస్తారు గానీ ఒకే స్వరం మీద కాదు. ఒకరు షడ్జమం మీద ఉంటే మరొకరు గాంధారం మీద నిలిచి, బాణీ ఎటు కదిలితే అటు ఆ దూరాన్ని కాపాడుకుంటూ కలిసి కదులుతారు. ఎంత హోరులోనైనా కూనిరాగం తీయగలిగిన వరుస ఒకటి వినేవారికి చిక్కుతుంది. దాని కింద హారిస్ బేస్ గిటార్ పరుగు పెడుతూ ఉంటుంది.

ఆ పరుగు సంగతి నాకు సరిగా అర్థమైంది మల్లేశ్వరంలో మా పై వాటాలో ఉండే మృదంగం మాస్టారి వల్ల. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడినవారు. రాక్ సంగీతమంటే ఆయనకు ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. ఒక సాయంత్రం ‘లైవ్ ఆఫ్టర్ డెత్’లోని ‘ది ట్రూపర్’ పాట పెడితే, కాసేపు కళ్ళు మూసుకుని విని, కుర్చీ చేతి మీద వేళ్ళతో “తా... కిట, తా... కిట” అని కొట్టడం మొదలుపెట్టారు.

“చతురశ్రమే గదయ్యా. మొదటి దెబ్బకు రెండక్షరాలు, తరవాతి రెండింటికీ చెరొకటి. కష్టం అందులో లేదు, ఇంతసేపు కాలం జారకుండా నిలబెట్టడంలో ఉంది. నిలబెడుతున్నది ఎవరు, ఆ డ్రమ్సాయనేనా?”

“ఆయనతో పాటు బేస్ గిటార్ వాయించే ఆయన కూడా మాస్టారూ. మీటడానికి ముక్క కూడా పట్టుకోరు, రెండు వేళ్ళతోనే వాయిస్తారు.”

“అయితే ఆ వేళ్ళు కాయలు కాసి ఉంటాయి. పాడే అబ్బాయి మాత్రం గొంతు అరగదీసుకుంటున్నాడు. వాళ్ళవాళ్ళు ఎవరూ చెప్పరా?”

మాస్టారికి ఆ పర్యటన గురించి ఏమీ తెలియదు గానీ ఆయన చెవి సరైన చోటే పట్టుకుంది. 1984 ఆగస్టులో పోలండ్‌లోని వార్సాలో మొదలైన ‘వరల్డ్ స్లేవరీ’ పర్యటన 1985 జులైలో కాలిఫోర్నియాలో ముగిసేసరికి దాదాపు పదకొండు నెలలు గడిచాయి. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ అరీనాలో మార్చి 14 నుంచి 17 వరకు వరుసగా నాలుగు రాత్రులు ఈ రికార్డు కోసం వాయించేనాటికి డికిన్సన్ గొంతు ఎనిమిదో నెల శ్రమలో ఉంది. పై స్థాయిలో నిలపవలసిన చోట కొన్నిసార్లు వాక్యాన్ని తుంచి, మిగిలింది ప్రేక్షకులకు వదిలేస్తాడు. స్టూడియో ప్రతిలో నున్నగా సాగిపోయే పంక్తులు ఇక్కడ గరుకుగా ఉంటాయి. నాకు ఆ గరుకుతనమే కావాలి. పర్యటన ముగిసేసరికి పూర్తిగా అలసిపోయానని, బ్యాండ్ వదిలేద్దామని కూడా అనుకున్నానని డికిన్సన్ తరవాత చెప్పాడు. 1986లో వచ్చిన తదుపరి ఆల్బమ్‌లో అతను రాసిన పాట ఒక్కటీ లేదు. ఆ అలసట చరిత్రలో చదువుకోవడం వేరు, లాంగ్ బీచ్‌లో చెవులారా వినడం వేరు.

ఈ రికార్డు నిర్మాత మార్టిన్ బర్చ్. వాద్యాలను విడివిడిగా వినబడనిస్తూనే, హాలు ఎంత పెద్దదో చెవికి తెలిసేలా జనఘోషను వెనక నిలిపిన తీరు ఆయన గొప్పతనం. పదమూడు నిమిషాలకు పైగా సాగే ‘రైమ్ ఆఫ్ ది ఏన్షెంట్ మెరైనర్’ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. కోల్‌రిడ్జ్ కవితను ఆధారం చేసుకున్న ఈ పాటకు ముందు, పక్షి నెత్తిన రెట్ట వేస్తే ఏం చేయకూడదో చెప్పే కథ ఇదని డికిన్సన్ మోటు హాస్యం ఆడతాడు. నావికుడు పక్షిని చంపి శాపం తెచ్చుకున్న కథకు అంతకన్నా పొట్టి సారాంశం నేను వినలేదు. పాట మధ్యలో గాలి లేక ఓడ నిలిచిపోయే ఘట్టంలో వాద్యాలన్నీ తగ్గి, బేస్ ఒక్కటే మెల్లగా కదులుతూ ఉంటుంది. అంతసేపు అరిచిన వేలమంది ఆ చీకట్లో కాచుకుని ఉన్నారన్న స్పృహ వినేవారిని వదలదు. స్టూడియో ప్రతిలో ఈ ఘట్టం అందంగా ఉంటుంది. ఇక్కడ భయంగా ఉంటుంది.

కొనాలనుకునేవారికి ఒక హెచ్చరిక. రెండు ఎల్పీ రికార్డుల మూల కూర్పులో నాలుగో వైపున ఉన్న అయిదు పాటలు లాంగ్ బీచ్‌వి కావు, 1984 అక్టోబరులో లండన్‌లోని హామర్‌స్మిత్ ఓడియన్‌లో రికార్డయినవి. మొదట వచ్చిన ఒంటి సీడీలో చోటు చాలక ఆ అయిదింటినీ తీసేశారు, ‘రన్నింగ్ ఫ్రీ’ని కత్తిరించారు. తీసేసిన వాటిలో తొలి ఆల్బమ్ నాటి ‘ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ ఉంది. డియానో పాటను డికిన్సన్ ఎలా సొంతం చేసుకున్నాడో తెలియాలంటే అది వినక తప్పదు. కాబట్టి తరవాత వచ్చిన రెండు డిస్కుల కూర్పునే వెతకండి.

తొంభైల గురించి ఎక్కువ చెప్పాలని లేదు. 1993లో డికిన్సన్ వెళ్ళిపోయిన సమయంలో ‘ఎ రియల్ లైవ్ వన్’, ‘ఎ రియల్ డెడ్ వన్’ అని రెండు కచేరీ రికార్డులు వచ్చాయి. హారిస్ స్వయంగా నిర్మించిన ఆ రెండూ పొడిపొడిగా, ఉత్సాహం లేకుండా వినిపిస్తాయి. బ్యాండ్ లోపల జరుగుతున్నదానికి అవి అద్దం పట్టాయని సరిపెట్టుకోవచ్చు గానీ, మళ్ళీ పెట్టుకుని వినాలని మాత్రం అనిపించదు. బ్లేజ్ బేలీ గాయకుడిగా ఉన్న కాలం 1999లో ముగిసి, డికిన్సన్, స్మిత్ ఇద్దరూ తిరిగొచ్చారు. స్మిత్ స్థానంలో 1990లో వచ్చిన జానిక్ గెర్స్‌ను పంపేయకుండా ముగ్గురు గిటారిస్టులతో కొనసాగాలన్న నిర్ణయం ఆ రోజుల్లో నాకు అనవసరపు ఆర్భాటంగా తోచింది. ఆ అభిప్రాయం ‘రాక్ ఇన్ రియో’తో మారిపోయింది. 2001 జనవరి 19న బ్రెజిల్‌లో దాదాపు రెండున్నర లక్షల మంది ముందు జరిగిన ఆ కచేరీలో, ‘ఫియర్ ఆఫ్ ది డార్క్’ మొదలయ్యేటప్పుడు జనం మాటలను కాదు, గిటార్ బాణీని ఎత్తుకుంటారు. మాటలు లేని వాద్య వరుసను అంతమంది గొంతెత్తి పాడారంటే ఆ సంగీతంలోని మాధుర్యానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఇక మన బెంగళూరు సంగతి. ఐరన్ మెయిడెన్ భారతదేశంలో తొలిసారి వాయించింది ఇక్కడే, 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. లాంగ్ బీచ్ నాలుగో రాత్రికి సరిగ్గా ఇరవై రెండేళ్ళు. ముందుగా ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ, హారిస్ కూతురు లారెన్ హారిస్ పాడారు. మెఖ్రీ సర్కిల్ నుంచే నల్ల టీషర్టుల వరస. వాటి మధ్య గుంటూరు, విశాఖ, హైదరాబాద్ యాసలన్నీ వినిపించాయి. దేశంలో పెద్ద బ్యాండ్ల కచేరీలకు బెంగళూరే చిరునామా అన్న మాట ఆ రోజుల్లో గట్టిపడింది. 2008లో మెగాడెత్, 2011లో మెటాలికా ఇదే మైదానానికి వచ్చాయి. అయినా మెయిడెన్ తొలిసారి ఇక్కడికి వచ్చిన ఆ పర్యటన నుంచి లైవ్ ఆల్బమ్ ఏదీ రాలేదు. మన తొలి కచేరీ విన్నవారి జ్ఞాపకాల్లో తప్ప అధికారికంగా రికార్డులకెక్కలేదు.

ఆ అదృష్టం ఏడాది తిరగకుండానే ముంబయికి దక్కింది. ఎనభైల నాటి పాటలతో, లాంగ్ బీచ్ నాటి ఈజిప్టు అలంకరణను గుర్తుచేసే వేదికతో బ్యాండ్ తలపెట్టిన ప్రపంచ పర్యటన 2008 ఫిబ్రవరి 1న అక్కడ మొదలైంది. మనుషులనూ సామాన్లనూ ఒకే బోయింగ్ 757లో ఎక్కించి, దాన్ని విమాన పైలట్ కూడా అయిన డికిన్సనే నడిపిన ఈ యాత్రను శామ్ డన్, స్కాట్ మెక్‌ఫాడియెన్ చిత్రీకరించగా, 2009లో ‘ఫ్లైట్ 666’ సినిమాగానూ ఆల్బమ్‌గానూ వచ్చింది. ఆల్బమ్‌లో ఒక్కో పాటను ఒక్కో నగరం నుంచి తీసుకున్నారు. ఆలోచన ముచ్చటైనదే గానీ, దీనివల్ల ఒక రాత్రి మెల్లగా వేడెక్కి శిఖరానికి చేరే క్రమం పోయింది. కచేరీగా వింటే ఇది లాంగ్ బీచ్ ముందు నిలవదు. నేను దీన్ని దాచుకున్నది మొదటి పాట కోసమే. ‘ఏసెస్ హై’ ముంబయిలోనిది.

ఆ పాటకు ముందు 1940 నాటి చర్చిల్ ప్రసంగం వినిపించడం ఈ బ్యాండ్‌కు పాత అలవాటు. లాంగ్ బీచ్ కూడా అలాగే మొదలవుతుంది. బ్రిటిష్ యుద్ధవిమాన చోదకుల పాటకు ఆ గొంతు సరైనదే. కానీ తీరాల్లో పోరాడతాం, ఎన్నటికీ లొంగిపోం అని చర్చిల్ అంటుంటే, ఆయన పాలనలో బెంగాల్ కరువు చూసిన దేశపు కుర్రాళ్ళు గొంతు చించుకుని కేరింతలు కొట్టడం వింటే, మా తాతగారి తరం ఏమనుకునేదో అని నవ్వొస్తుంది. ఆ కేరింతలు చర్చిల్‌కు కావు, తరవాత రాబోయే గిటార్లకు. ఆ తేడా తెలిసినవాడిని కాబట్టి నేనూ హాయిగా అరవగలను.

2009 ఫిబ్రవరి 15న బ్యాండ్ మళ్ళీ ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చేసరికి ఆ చిత్రీకరణ ముగిసిపోయింది. ఆ తరవాత కచేరీ రికార్డులు మరికొన్ని వచ్చాయి, అన్నిటిలోనూ డ్రమ్స్ నికోవే. 2023 జనవరిలో పక్షవాతం వచ్చినా కోలుకుని పర్యటనలకు వెళ్ళిన ఆయన, 2024 డిసెంబరులో సావో పాలో కచేరీతో వేదికకు స్వస్తి చెప్పాడు. ఇన్నేళ్ళూ ఆ వేగాన్ని ఆయన దాదాపు ఎప్పుడూ పెద్ద డ్రమ్‌ను కొట్టే ఒంటి పెడల్‌తోనే, ఒక్క కాలితోనే నిలబెట్టాడు. బ్యాండ్ యాభయ్యో ఏట 2025లో మొదలైన పర్యటనలో ఆయన స్థానంలో సైమన్ డాసన్ కూర్చున్నాడు, వాయిస్తున్నవన్నీ 1992 దాకా వచ్చిన పాటలే. ఆ పర్యటన నుంచి రికార్డు వస్తే నేను ముందు ‘ది ట్రూపర్’ పెట్టి, గిటార్లను పక్కనబెట్టి, హారిస్ వేళ్ళకూ డాసన్ కాలికీ ఆ “తా... కిట” ఎంతవరకు కుదిరిందో వింటాను.