చెడిపోయే కారుకు పదికి తొమ్మిది

జూన్‌లో బడులు తెరిచిన వారమే. పొద్దున ఏడున్నరకు హన్మకొండలో మా ఇంటి ముందు మా ఎలక్ట్రిక్ కారు తలుపే తెరుచుకోలేదు. రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బండి!

ఎదురింటి ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చి, రిమోట్ లోపల దాగి ఉన్న సన్నటి తాళం చెవి లాగి తలుపు తీశాడు. బానెట్ ఎత్తి చూసి, "అక్కా, పెద్ద బ్యాటరీ మంచిగనే ఉంటది. చిన్నది సచ్చింది" అన్నాడు. మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఇందులోనూ ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. పెద్ద బ్యాటరీని మోటారుతో కలిపే స్విచ్చులు పడాలంటే ఈ చిన్నదాని కరెంటే కావాలట. గాదె నిండా వడ్లున్నా తాళం చెవి పోయినట్టు. తన ఆటో బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు కలపగానే స్క్రీన్ వెలిగింది. బడికి మాత్రం లేటే.

అదొక్కటే కాదు. స్క్రీన్ రెండుసార్లు ఆగిపోయింది, జనగామ దగ్గర ఛార్జింగ్ గన్ ఒకసారి ఇరుక్కుపోయింది. 2024 నవంబరులో తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్ళకు రోడ్ ట్యాక్స్ ఎత్తేశాక కొన్నాం. అప్పటి నుంచి నాలుగుసార్లు సర్వీస్ సెంటర్‌కు పోయాను. పాత డీజిల్ బండి ఎనిమిదేళ్ళలో ఇన్నిసార్లు సతాయించలేదు.

మొన్న సర్వీస్ సెంటర్ వాళ్ళే ఫోన్ చేసి "మీ కారుకు పదికి ఎన్ని మార్కులిస్తారు మేడం?" అని అడిగితే తొమ్మిదన్నాను. పక్కనే ఉన్న మా ఆయన, "పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు ఈ దయ ఏమైతదో" అని నవ్వారు.

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2015లో ఓనర్లను అడిగితే, టెస్లా మోడల్ ఎస్ అనే ఎలక్ట్రిక్ కారులో సమస్యలు సగటు కంటే ఎక్కువని తేలింది. అయినా 97 శాతం మంది మళ్ళీ అదే కొంటామన్నారు.

లక్షలు పోసి కొన్నాక తప్పు చేశామని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే, నాలోనూ ఆ బుద్ధి కొంత ఉండే ఉంటుంది. కానీ పరకాలలో బడికి రోజూ పోనురాను 70 కిలోమీటర్లు. పాత బండి క్లచ్ తొక్కీ తొక్కీ వాచిన ఎడమ మోకాలు, ఇందులో క్లచ్చే లేదు గనక, ఇప్పుడు ఊరుకుంది. రోజుకు 400 దాటే డీజిల్ పోయి వంద లోపు కరెంటుతో సరిపోతోంది. చెడిపోయింది నాలుగు రోజులు, మోకాలు నొప్పి మాత్రం రోజూ ఉండేది.

కరీంనగర్‌లో మా ఆడపడుచుదీ ఇదే కారు. ఇంతవరకు ఒక్క బల్బు కూడా పోలేదు. అయినా ఐదు మార్కులే ఇస్తుంది. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టడానికి అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు. వారానికి రెండు రాత్రులు బయటి ఛార్జర్ దగ్గర, ముందున్న బండి ఎప్పుడు కదులుతుందా అని కారులో కూర్చునే ఉంటుంది.

నిన్న ఫోన్‌లో నా బ్యాటరీ కథ చెప్పి వాపోతే సగంలోనే ఆపింది. "వదినా, చెడిపోని నా కారు నువ్వే తీస్కో. మీ గోడకున్న ప్లగ్గు నాకియ్యి."