ఇస్తాంబుల్‌లో లేఓవర్ పడితే ఎయిర్‌పోర్టులో కూర్చోకండి

అమెరికా నుంచి ఇండియాకి టికెట్లు వెతికేటప్పుడు అందరూ లేఓవర్ ఎంత తక్కువుంటే అంత మంచిదనుకుంటారు, నేను మాత్రం ఇస్తాంబుల్ మీదుగా అయితే కావాలనే పగటిపూట పది పన్నెండు గంటల గ్యాప్ ఉన్నది చూసుకుని మరీ బుక్ చేస్తా. మన పాస్‌పోర్ట్‌తో పాటు అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంగెన్ (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చేది)లలో ఏదో ఒక వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ వ్యాలిడ్‌గా ఉంటే టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేస్తుంది, బయల్దేరేముందే రూల్స్ ఒకసారి చూసుకుని తీసేసుకోండి. టర్కిష్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు లేఓవర్ ప్యాసింజర్లకి ఫ్రీ టూర్ కూడా పెడతారు గానీ గైడ్ జెండా వెనకాల గుంపుగా పరిగెత్తడం నా వల్ల కాదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఎం11 మెట్రోలో గైరెత్తెపె దాకా వెళ్ళి, ఎం2కి మారి వెజ్నెజిలర్‌లో దిగితే పాత నగరంలోని సుల్తానహ్మెత్ ప్రాంతానికి నడిచిపోవచ్చు, మధ్యలో రైలు గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ మీద బ్రిడ్జి ఎక్కుతుంది, అప్పుడు ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి.

ఇక చాలామంది చేసేదేంటంటే అయా సోఫియా మసీదు, తోప్‌కపి ప్యాలెస్, గ్రాండ్ బజార్, బోటు షికారు అన్నీ ఒక్కపూటలో కుక్కేసి చివరికి క్యూలు తప్ప ఏం చూశారో చెప్పలేరు. నన్నడిగితే సుల్తానహ్మెత్ మైదానం ఒక్కటి చాలు, అది ఒకప్పుడు రథాల పందేలు జరిగిన హిప్పోడ్రోమ్, టికెట్టూ లేదు గేటూ లేదు. అందరూ బ్లూ మసీదు ఆరు మీనార్లతో సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు గానీ పక్కనే ఉన్న ఈజిప్టు రాతిస్తంభం దగ్గర కాసేపు ఆగండి. ఫారో మూడో థుట్మోస్ కాలంది, అంటే 3400 ఏళ్ళు దాటింది, అయినా దాని మీద పక్షుల బొమ్మలు నిన్న చెక్కినట్టున్నాయి. రోమన్ చక్రవర్తి థియొడోసియస్ 390లో ఇక్కడ నిలబెట్టించాడు, నాలుగు మూలలా నాలుగు కంచు దిమ్మల మీద నిలబడి ఉంటుంది, కింద పీఠం మీద ఆయనే పరివారంతో కూర్చుని చేతిలో దండ పట్టుకుని పందేలు చూస్తున్న శిల్పం. పీఠం గుంతలో ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి దాని చుట్టూ నేలే పైకి లేచింది.

ఓపికుంటే రోడ్డు దాటి బసిలికా సిస్టర్న్‌లోకి దిగండి, చక్రవర్తి జస్టీనియన్ కట్టించిన భూగర్భ నీళ్ళ ట్యాంకు, 336 స్తంభాలు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మసీదుల్లోకి టూరిస్టుల్ని రానివ్వరు, తోప్‌కపికి మంగళవారం సెలవు, గ్రాండ్ బజార్‌కి ఆదివారం.

టైమ్ లెక్క మాత్రం వెనక నుంచి వేసుకోండి, ఫ్లైట్‌కి మూడు గంటల ముందు టర్మినల్ గుమ్మంలో ఉండాలి, ఎందుకంటే అక్కడ లోపలికి అడుగుపెట్టేటప్పుడే ఒక స్కానింగ్, ఇమిగ్రేషన్ దగ్గర ఇంకో క్యూ, అవన్నీ దాటాక గేటు దాకా బోలెడంత నడక, చిన్నపిల్లలుంటే ఇంకో అరగంట కలుపుకోండి.