అమ్మతో ఆదివారాలు: బెజవాడ తిరుగుడు, 31వ వారం

నోటుబుక్కులో 19 పేజీలు నిండాయి. అమ్మతో ఊరు తిరిగిన ఆదివారానికి ఒక పేజీ చొప్పున రాస్తున్నాను. నవంబరు మొదటి ఆదివారం మొదలుపెడితే ఈ వారానికి 31 అయ్యాయి. నాలుగు పెళ్ళిళ్ళకు పోయాయి, రెండు జ్వరాలకు పోయాయి, ఆరింటిని ఎండ మింగేసింది. మిగిలినవన్నీ తిరిగాం.

ఇదంతా దీపావళికి వచ్చిన చుట్టాల వల్ల మొదలైంది. వాళ్ళు ఉండవల్లి గుహల గురించి చెబుతుంటే, "నువ్వెప్పుడు చూశావమ్మా?" అని అడిగాను. "నేనెక్కడ చూశాను? అందరినీ పంపించాను కదా" అంది. అమ్మ పెళ్ళై వన్‌టౌన్‌కు వచ్చి యాభై ఏళ్ళు దాటింది. దుర్గమ్మ దర్శనానికో పుష్కరాలకో వచ్చిన ప్రతి చుట్టానికీ పులిహోర కట్టి ఇచ్చి, ఏ బస్సు ఎక్కాలో చెప్పి సాగనంపింది. తాను వంటింట్లోనే ఉండిపోయింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే నోటుబుక్కు కొన్నాను.

నియమాలు రెండే పెట్టుకున్నాం. ఒక పూటలో ఒక టిఫిను, ఒక చోటు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలి. పేజీలో మొదట నాలుగు గడులు గీశాను: బయలుదేరిన వేళ, చేరిన వేళ, తిన్నది, ఖర్చు. మూడో వారం ఒక పేరున్న హోటలుకు వెళితే అది పై అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. ఇరవై ఎనిమిది మెట్లు. అమ్మ ఏమీ అనలేదు కానీ దోసె తింటున్నంతసేపూ ఎడమ మోకాలు పట్టుకునే ఉంది. ఆ సాయంత్రమే మరో మూడు గడులు చేర్చాను: మెట్లు, కూర్చునే చోటు, మరుగుదొడ్డి. పెద్దవాళ్ళను తీసుకుని వెళ్ళేవారు ముందు ఈ మూడూ కనుక్కోవాలి. రుచి సంగతి ఆ తర్వాత.

బస్సు ఖర్చు మాకు లేదు. ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అమ్మ తన కార్డును చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి పర్సుకు తగిలించుకుంది. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు ఆటో అన్నది మా పద్ధతి. పొద్దున్నే బస్సులు ఖాళీగా ఉంటాయి, ముందు సీటు దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో మోకాళ్ళు ఇక చాలంటాయి. 19 వారాలకు మొత్తం 6,840 రూపాయలు ఖర్చయింది, అంటే వారానికి 360. అందులో సగానికి పైగా ఆటోలకే. టిఫిన్లు ఎప్పుడూ భారం కాలేదు.

మొదటి చోటు ఉండవల్లి తప్ప మరొకటి అయ్యే వీలు లేదు. దారిలో ఉదయం ఆరున్నరకు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర దిగి పది నిమిషాలు నిలబడ్డాం. పాత ఆనకట్ట 1952లో తెగిపోతే దాని స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు కిలోమీటరుకు పైనే, గేట్లు 70. 2024 సెప్టెంబరు వరదలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకుని, గేట్లు ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లో మేము టీవీ ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు అదే చోట నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అమ్మ గేట్లను లెక్కపెట్టబోయి పన్నెండు దగ్గర ఆగి, "కొండ ఇక్కడి నుంచి ఎంత బాగుంది" అంది. ఇంద్రకీలాద్రిని అవతలి గట్టు వైపు నుంచి తాను చూడడం అదే మొదటిసారట.

గుహలు నాలుగు అంతస్తులు, కొండను తొలిచి చేసినవి. కింది అంతస్తు తేలిక. పైకి వెళ్ళే మెట్లు రాతిలోనే ఉన్నాయి, ఎత్తుగా ఉంటాయి. ఒక్కో అంతస్తు దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చుంటూ ఎక్కాం. లోపల చీకట్లో అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. నిలువుగా చూడడానికి అలవాటుపడిన కంటికి ఆ పొడవు వెంటనే అందదు. తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా నడవాలి. అమ్మ అలాగే నడిచింది, పాదాల దగ్గర ఆగి చేతులు జోడించింది. బయటి వసారాలో గాలి బాగుంటుంది, కింద పచ్చటి పొలాలు కనిపిస్తాయి. తొమ్మిది లోపు దిగిపోవాలి. ఆ తర్వాత రాయి వేడెక్కుతుంది, జనమూ పెరుగుతారు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

బాపు మ్యూజియానికి ఆ తర్వాతి నెలలో వెళ్ళాం. మోకాళ్ళకు ఇంత సుఖమైన చోటు మా పట్టికలో మరొకటి లేదు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవాల పేరిట 1887లో శంకుస్థాపన చేసిన భవనం అది. 1921లో కాంగ్రెసు సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీజీకి ఇచ్చింది ఇక్కడే. బందరు రోడ్డు మీద నేను వేలసార్లు దాని ముందు నుంచే వెళ్ళాను. లోపలున్న, అల్లూరులో దొరికిన బుద్ధ విగ్రహాన్ని మాత్రం ఆ రోజే చూశాను. గాంధీ కొండకు నేనొక్కదాన్నే వెళ్ళాను. అక్కడున్న 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ప్రారంభించారు. పై నుంచి రైల్వేస్టేషనూ ఊరూ కలిసి కనిపిస్తాయి. అమ్మ కోసం ఫోటోలు తీసుకొచ్చాను కానీ ఫోటోల్లో ఆ గాలి రాదు.

టిఫిన్ల గురించి రాయాలంటే గాంధీనగర్ బాబాయ్ హోటల్‌తోనే మొదలుపెట్టాలి. వెన్న ఇడ్లీ. పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్న ముద్ద పెడతారు. అది ఒక్కసారిగా కరగదు. ముందు అడుగు భాగం పసుపురంగు నూనెలా జారి కారప్పొడిలోకి ఇంకుతుంది, పైన తెల్లటి ముద్ద ఇంకా నిలబడే ఉంటుంది. ఆ రెండింటి మధ్యలో తినాలి. ఫోటో తీస్తూ కూర్చుంటే ఆ క్షణం దాటిపోతుంది. అమ్మ ఇడ్లీని వేలితో నొక్కి చూసి, మళ్ళీ లేవగానే తల ఊపింది. ఏడు లోపు వెళితే కూర్చోవడానికి చోటు దొరికింది. ఎనిమిదికి వెళ్ళిన రోజు నిలబడి తినవలసి వచ్చింది.

పెసరట్టు కోసం ఇప్పటికి ఐదు చోట్లకు వెళ్ళాం. నా తీర్పు చెబుతాను: అల్లం పచ్చడి బాగోకపోతే అట్టు ఎంత పల్చగా వేసినా దండగ. బెల్లం ఎక్కువై జామ్‌లా ఉన్న పచ్చళ్ళు మూడు చోట్ల దొరికాయి. సత్యనారాయణపురంలో ఒక చిన్న బండి దగ్గర మాత్రం చింతపండు పులుపు, అల్లం ఘాటు విడివిడిగా నాలుకకు తగిలాయి. ఒకప్పుడు అక్కడ రైలు పట్టాలుండేవి, ఇప్పుడు అదే బీఆర్‌టీఎస్ రోడ్డు. "ఇక్కడ గేటు పడితే మీ నాన్నగారు సైకిలు దిగి పేపరు చదువుకునేవారు" అని అమ్మ అట్టు తింటూ చెప్పింది. ఆ మాటనూ ఆ పేజీలోనే రాశాను.

అన్నిటిలోకీ ఎక్కువ రాసుకున్నది కొండపల్లి గురించి, మూడున్నర పేజీలు. లెక్కలో ఒక పేజీగానే వేసుకున్నాను. ఖిల్లా జోలికి పోలేదు, బొమ్మల కాలనీలోనే మూడు గంటలు గడిచిపోయాయి. బొమ్మలను తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఒక ముక్క చేతికిస్తే బెండులా తేలికగా ఉంది. కర్రలో తడి లేకుండా వేడి పట్టించాక గాని చెక్కరు. ఒళ్ళు ఒకటిగా, చేతులు, చెవులు, తొండం విడివిడిగా చేసి అతికిస్తారు. అతుకు కనిపించకుండా చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు పూస్తారు. మేము వెళ్ళేసరికి ఒకాయన అంబారీ ఏనుగుకు చెవి అతుకుతున్నారు. బొటనవేలితో కొంచెం మక్కు తీసి చెవి మొదట్లో పెట్టి, పైనుంచి కిందికి ఒకే ఒక్క రాపు రాశారు. చెవికీ తలకీ మధ్యనున్న గీత మాయమైంది. పక్కనే ఆరబెట్టిన పలకమీద చెవులు లేని ఏనుగులు ఇంకో పది నిలబడి ఉన్నాయి.

అమ్మ సంచిలోంచి పాత పంచెగుడ్డలో చుట్టిన తాటిచెట్టు బొమ్మను తీసింది. సంక్రాంతి కొలువులో ఏటా వెనక వరుసలో ఉండే బొమ్మ. కల్లుగీసే మనిషికి చెయ్యి విరిగి చాలా ఏళ్ళయింది. "ఇది బాగవుతుందా బాబూ?" అని అడిగింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, రంగును బట్టి పాత కాలపు పనేనని చెప్పి, కొత్త చెయ్యి చెక్కి పెట్టడానికి వారం గడువు అడిగారు. డబ్బు తీసుకోనన్నారు. మేము ఊరుకోలేక ఒక దశావతారాల సెట్టు కొన్నాం. అక్కడికి వెళ్ళేవారు విరిగిన బొమ్మలుంటే తప్పకుండా పట్టుకెళ్ళండి. తడిగుడ్డతో తుడిస్తే రంగు పోతుందని, పొడిగుడ్డే వాడాలని కూడా ఆయనే చెప్పారు.

ఏప్రిల్ నుంచి పద్ధతి మార్చవలసి వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ పడే ఊరు ఇది. ఉదయం ఏడున్నరకు ఇంటికి చేరేలా ఐదుంబావుకే బయలుదేరాం, లేదంటే సాయంత్రం ఆరు తర్వాత. కాళేశ్వరరావు మార్కెట్‌ను తెల్లవారుజామున చూసింది అప్పుడే. సాయంత్రాలు పునుగుల బండ్లకు కేటాయించాం. పిండి ఒక పూట ఎక్కువ పులిస్తేనే పునుగు లోపల గుల్లగా వస్తుందని అమ్మ అంటుంది. పిండి గిన్నె వాసన చూసి బండి దగ్గర ఆగాలో లేదో చెప్పేస్తుంది. ఆరు బండ్లలో ఐదింటి విషయంలో తన మాట నిజమైంది. ఎండాకాలం సంచిలో రెండు సీసాల మజ్జిగ, ఒక తడి తువ్వాలు, మడత కుర్చీ. ఆ కుర్చీ 450 రూపాయలు. పైన చెప్పిన ఖర్చులో కలపలేదు కానీ దానంత ఉపయోగపడిన వస్తువు మరొకటి లేదు.

ఇక మిగిలింది కాలువ గట్టు. బ్యారేజీ దగ్గర తూములు దాటిన కృష్ణ ఊళ్ళోకి వచ్చి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువగా చీలుతుంది. వాటిలో ఒకప్పుడు సరుకుల పడవలు నడిచేవి. అమ్మ వాళ్ళ నాన్న ఏలూరు నుంచి ధాన్యం బస్తాలతో పడవ మీద ఇక్కడికి వచ్చేవారట. ఆ కాలువ వెంట నీళ్ళున్నప్పుడు నడవాలని అమ్మ కోరిక. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఎండిన అడుగులో చెత్త చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ వారం ఉదయం ఆరింటికి వంతెన మీద నిలబడి చూశాం. అడుగున బురద, మధ్యలో చిన్న పాయ, దాని పక్కన రెండు కొంగలు.

ఇంటికి వచ్చాక నేను వంటపనిలో ఉంటే అమ్మే నోటుబుక్కు తీసి 19వ పేజీ రాసింది. మెట్లు: లేవు. కూర్చునే చోటు: కుర్చీ తెచ్చుకున్నాం. తిన్నది: ఇద్దరికీ చెరో రెండు ఇడ్లీలు. కింద తన గుండ్రటి అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: "నీళ్ళు రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి."