పడుకున్న గీత

మా అమ్మ తన మేనమామనే చేసుకుంది. చిత్తూరు వైపు ఇది వింతేమీ కాదు. చిన్నప్పుడు పొద్దు గూకితే నాకు గడప కనిపించేది కాదు. రేచీకటి అన్నారు. ఏళ్ల తరబడి ఇంట్లో మునగాకు, క్యారెట్ తప్పించి వేరే కూర తిన్న గుర్తు లేదు. మునగాకు తప్పేం లేదు, నాది విటమిన్ లోపం కాదు, అంతే. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనక తెర రెటీనాలో కణాలు మెల్లగా చచ్చిపోయే జబ్బు. అమ్మానాన్నలిద్దరిలో దాగి ఉన్న లోపం నాలో జత కలిసింది.

ఆస్పత్రికి పోయింది మాత్రం రేచీకటి కోసం కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నిరుడు సీజన్లో 3 ఏదో 8 ఏదో తేలకుండా పోయింది. టెన్షన్ పట్టుకుంది. తిరుపతిలో డాక్టర్ ఈఆర్‌జీ చేయించమన్నారు.

గుండెకు ఈసీజీ ఎట్లాగో రెటీనాకు ఇది అట్లా. చుక్కల మందు వేసి 20 నిమిషాలు చీకటి గదిలో కూర్చోబెట్టారు. కాసేపటికి ఎవరికైనా ఆ చీకటి అలవాటవుతుందట. నాకు గోడ ఎక్కడుందో కూడా తెలియలేదు. కింది రెప్ప లోపల వెంట్రుక లాంటి దారం పెట్టారు, నుదుటికీ కణతలకూ వైర్లు అతికించారు. ముందు మసక మెరుపులు, రాత్రి చూపునిచ్చే కడ్డీ కణాల కోసం. తర్వాత వెలుతురుకు అలవాటు పడనిచ్చి, సెకనుకు 30 సార్లు కొట్టే మెరుపులు, శంకు కణాల కోసం. రెప్ప కొట్టొద్దంటారు. కంట్లో దారం పెట్టి ఆ మాట చెప్పడం వాళ్లకే చెల్లు.

కాగితం చేతికొచ్చింది. అలలు లేవాల్సిన చోట గీత చాప పరిచినట్టు పడుకుంది. మా అమ్మ సినిమాల్లో ఈసీజీ చూసి ఉంది. "ఏంది సార్, కండ్లు సచ్చిపోయినాయా?" అనేసింది.

డాక్టర్ నవ్వలేదు. "అమ్మా, గంగమ్మ జాతర అయిపోయి జనమంతా వెళ్లిపోయినాక గుడి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటా ఉంటే ఊరి బయటికి వినిపిస్తుందా? అట్లని అక్కడ ఎవరూ లేరంటామా?" ఈ పరీక్ష రెటీనా మొత్తం ఇచ్చే కరెంటును కలిపి కొలుస్తుందట. అంచులు పోయి నడుమ చిన్న దీవి మిగిలితే అది ఇందులో కనబడదు.

ఆ దీవిని వెతికే పరీక్ష వేరే. మధ్య చుక్కనే చూస్తూ, వెలుగు కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. మామూలు కంటికి చెవి వైపే దాదాపు 90 డిగ్రీల దాకా కనిపిస్తుంది. నాకు ఈ అంచు నుంచి ఆ అంచుకు 15. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కన 10 కన్నా తగ్గితే అంధుణ్ణి. లెక్కలవాణ్ణి కదా, అక్కడే తీసివేత చేసేశాను. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్‌లో నడుమ భాగం నిలిచే ఉంది, కాకపోతే నీరు చేరి ఉబ్బింది. 3, 8 కలిసిపోయింది అందుకే.

చుక్కల మందుతో మూడు నెలలకు వాపు తగ్గింది. పోయిన అంచులు రాలేదు, అంకెలు వచ్చాయి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స సంగతి తమ్ముడు పట్టుకొచ్చాడు. అది ఆర్‌పీఈ65 జన్యువులో లోపం ఉన్నవాళ్లకే, అదీ బతికున్న కణాలు తగినన్ని మిగిలితేనే. నా జన్యు పరీక్ష ఇంకా రావాలి.

ఈ తోతాపురి సీజన్లో లెడ్జర్ నేనే రాశాను. చీకటి పడకముందే బస్సెక్కేస్తాను. ఆ గీత కాగితాన్ని అమ్మ బీరువాలో నా జాతకం పక్కన దాచింది.