రిక్షా ఎక్కించని నాన్న దారిలో

1983 వేసవి సెలవుల్లో సూర్యాపేట నుంచి బస్సులో వచ్చి హైదరాబాద్ గౌలిగూడలో దిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్నకు కడుపునొప్పి, ఉస్మానియా ఆస్పత్రిలో చూపించుకోవాలి. నన్నెందుకు తీసుకొచ్చాడంటే, చార్మినార్ చూపిస్తానని ఎప్పుడో నోరు జారాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు గానీ రిక్షా మాత్రం ఎక్కించలేదు. ఎండలో నడిపించాడు. "ఇంకెంత దూరం నాన్నా?" అంటే "వచ్చేసింది" అనేవాడు. అలా ఎన్నిసార్లు వచ్చేసిందో లెక్కలేదు. ఆ కోపం నాలో చాలా ఏళ్లు ఉంది.

నేను మియాపూర్‌లో కాపురం పెట్టి ఇరవయ్యేళ్లు దాటింది. బడిలో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ ఇరవయ్యేళ్లలో చార్మినార్‌కు నాలుగుసార్లు వెళ్లి ఉంటాను, నాలుగుసార్లూ పెళ్లి బట్టలకో గాజులకో, ఎవరిదో ఒకరి కారులో. గుర్తున్నదల్లా కారు ఎక్కడ ఆపాలన్న దాని మీద జరిగిన గొడవే. అందుకే మొన్న నవంబర్‌లో రెండో శనివారం ఎవరికీ చెప్పకుండా, పాత చెప్పులు వేసుకుని, పొద్దున్నే మెట్రో ఎక్కాను.

మియాపూర్ నుంచి ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా మారాల్సిన పని లేదు, ఒకటే బండి. ముప్పావు గంటలో దింపేసింది. అక్కడి నుంచి పాతబస్తీకి, చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో వస్తుందంటున్నారు. వచ్చాక నాలాంటి మోకాళ్లకు సుఖమే. ప్రస్తుతానికి మెట్రో ఆగిపోయిన చోట మొదలయ్యేది కాళ్ల పనే.

నాన్న నన్ను దింపిన బస్టాండ్ ఇప్పుడు లేదు. ఇనుప రేకుల పెద్ద గుండ్రటి షెడ్డు అది, నిజాం కాలం నాటిది. చిన్నప్పుడు అందులో నిలబడి పైకి చూస్తే బోర్లించిన పడవ లోపల ఉన్నట్టుండేది. 1994లో మూసీ ఒడిలో ఎంజీబీఎస్ వచ్చాక దూరపు బస్సులన్నీ అటు తరలిపోయాయి. ఆ షెడ్డు 2018 జూలైలో ఒక పొద్దున కుప్పకూలింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు.

"మూసీ ఒడిలో" అన్నది మాటవరసకు కాదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే నీళ్లు తిన్నగా ఈ బస్టాండ్‌లోకే వచ్చాయి. ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. ఇక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిస్తే పావుగంటలో ఉస్మానియా ఆస్పత్రి, ఆ ఆవరణలో ఒక చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు సుమారు నూట యాభై మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఊళ్లో పదిహేను వేల మంది దాకా పోయారని లెక్క. ఆ వరద మళ్లీ రాకూడదనే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆ రెండు చెరువులూ కట్టారు. నూట పదిహేడేళ్ల తర్వాత, తేదీకి రెండు రోజులు ముందు, ఆ చెరువుల గేట్లెత్తితేనే బస్టాండ్ మునిగింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇస్తే ఏం చేస్తారో చూడాలనిపించింది.

చెట్టు దగ్గర నేను నిలబడినప్పుడు ఒక పెద్దావిడ కింద గట్టు మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతోంది. లోపల ఎవరికో బాగాలేదట. ఇద్దరం కాసేపు చెట్టు కాయల గురించి మాట్లాడుకున్నాం. 1983లో నాన్న కూడా నన్ను ఏదో ఒక చెట్టు కింద కూర్చోబెట్టి ఓపీ చీటీకి వెళ్లాడు. అది ఈ చెట్టేనని చెప్పాలని ఉంది గానీ, చెప్పలేను.

మూసీ మీది నయాపూల్ వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకోక తప్పదు, దాని గురించి పొగడ్తలేమీ లేవు. కుడివైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియంలోకి వెళ్లలేదు. వెళ్తే ఆ రోజంతా దానికే ఇచ్చేయాలి. మీరు వెళ్లేట్టయితే శుక్రవారం పెట్టుకోకండి, సెలవు.

మదీనా చౌరస్తా దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టిన కొన్నేళ్లకే గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. ఇంతకు ముందు నాలుగుసార్లూ దీని ముందు నుంచే కారులో పోయాను, బోర్డు కూడా చూడలేదు. లోపలి గోడ నిండా రంగు పలకలు: పసుపు, నీలం, ఆకుపచ్చ, మధ్యలో పీరు ఆకారాలు. నాలుగు వందల ఏళ్ల నాటివి, నిన్న తుడిచినట్టు మెరుస్తున్నాయి. గోడకు దగ్గరగా వెళ్లి చూస్తే కింది భాగంలో ఆ మెరుపు ఆగిపోతుంది. అక్కడున్నవి పలకలు కావు, పలకల్లా వేసిన రంగు. 1908 వరదలో కింది పలకలు పాడైతే తర్వాత అవే డిజైన్లు రంగులతో దిద్దారట. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో స్కేలు పెట్టి గీసి చూపించినట్టుంది. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఆ గోడ ముందు నిలబడి నేనెంత దాకా మునిగేదాన్నో చూసుకున్నాను.

అక్కడి నుంచి పత్తర్‌గట్టి. ఈ రాతి దుకాణాల వరస కూడా వరద తర్వాత నగరాన్ని బాగుచేసినప్పటిదే. కమాను కింద కమాను, నీడలో నడుచుకుంటూ పోయేలా కట్టారు. నీడ ఇప్పటికీ ఉంది. నడవడానికి చోటే లేదు, ఆ నీడలో బట్టల మూటలు, బొమ్మలు, బైకులు కూర్చున్నాయి. రోడ్డు మీదకి దిగితే ఆటోలు. ఇంకో మాట, ఆడవాళ్లు నడవాలనుకుంటే నీళ్లు చూసి తాగాలి. ఎంజీబీఎస్ దాటాక శుభ్రమైన మరుగుదొడ్డి కోసం నేను పడ్డ పాట్లు రాస్తే ఇంకో వ్యాసమవుతుంది.

గుల్జార్ హౌజ్ దగ్గర మాత్రం ఆగండి. కారులో పోతే అదొక ట్రాఫిక్ గుండ్రం, అంతే. నడుస్తూ వెళ్లి ఆ నీళ్ల తొట్టి పక్కన నిలబడి చుట్టూ తిరిగితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కనిపిస్తాయి. ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటిది రాజభవనాల వైపు వాకిలి. దక్షిణం కమాను ఫ్రేము కట్టినట్టుంటే అందులో చార్మినార్. 1591లో దాన్ని నిలబెట్టింది గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి మీద. మా సూర్యాపేట మీదుగా పోయే హైవే కూడా చివరికి బందరుకే చేరుతుంది. అంటే ఆ రోజు నేనూ నాన్నా బందరు దారిలోనే వెనక్కి వచ్చామన్నమాట. ఈ సంగతి నాకు యాభై ఒకటో ఏట తట్టింది.

చార్మినార్ ఎక్కలేదు. ఎండెక్కింది, క్యూ ఉంది. ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాయి. పడమటికి తిరిగి లాడ్ బజార్‌లోకి వెళ్లాను.

అద్దాల దుకాణాలు వదిలేసి పక్క సందులోకి తిరిగితే లక్క గాజులు చేసేవాళ్లు కనిపిస్తారు. నేను చూసినతను బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాడు. లక్క ముద్దను వేడికి మెత్తబరిచి, చెక్కతో దొర్లించి తాడులా సాగదీశాడు. దాన్ని వంచి రెండు కొసలూ కలిపి, గుండ్రటి కర్రకు ఎక్కించి సైజు సరిచేశాడు. తర్వాత మళ్లీ వేడి చూపించి, మొనదేలిన పుల్లతో ఒక్కో రాయీ ఎత్తి అద్దుతూ పోయాడు. లక్క చల్లారేలోపే అద్దాలి, చల్లారితే రాయి పట్టదు. నేను చూస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మాట చెబితే "అవునమ్మా, అన్నారు" అని ఇంకో రాయి అద్దాడు.

"చెయ్యి ఇటివ్వండమ్మా" అని లోపలి ఆవిడ నా పిడికిలి నొక్కి చూసి, "రెండు ఆరు" అంది. రెండంగుళాలూ, అంగుళంలో పదహారో వంతులు ఆరూ. కొలబద్ద లేకుండా భిన్నాలు చెప్పగలిగే మనిషిని చూసి నా వృత్తి కాస్త సిగ్గుపడింది. ఎరుపు జత తీసుకున్నాను. 1983లో నాన్న కొన్నది కూడా ఎరుపే, రిక్షా ఎక్కించని డబ్బులతో. అందులో ఒకటి చౌటుప్పల్ దగ్గర బస్సు గుంతలో పడినప్పుడు నా చేతిలోనే విరిగింది.

గౌలిగూడ నుంచి లాడ్ బజార్ దాకా ఒక్క చోటా బండెక్కలేదు. ఆస్పత్రి దాకా పోయి రావడం కలుపుకుని మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు అది ముప్పై కిలోమీటర్లనిపించింది.

తిరుగు ప్రయాణంలో మెట్రో డబ్బులు మిగుల్చుకున్నాను. నాన్న పోలిక. కోఠి దాకా వచ్చి 218 నంబరు ఆర్టీసీ బస్సు పట్టుకున్నాను, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. 1932లో నిజాం సర్కారు ఇరవై ఏడు బస్సులతో మొదలుపెట్టిన సంస్థ ఇది. బస్సుల నంబర్ ప్లేట్లలో ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరని చెప్పుకుంటారు. తల్లి పేరుతో నడిచే బండిలో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడం కుదిరింది.

కిటికీ పక్క సీటు దొరికింది. గాజుల పొట్లం పక్కన పెట్టి ఫోను తీస్తుంటే కండక్టరమ్మ టికెట్ చించి ఇస్తూ పొట్లం వైపు చూసింది.

"లక్కవేనా? ఒళ్లో పెట్టుకోండమ్మా. ముందంతా గుంతలే."