ట్రైలర్ బరువు, పెదనాన్న అనుభవం, మా అమ్మాయి లెక్క

పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదని వింటూ పెరిగినవాళ్ళం మనం. మన పిల్లలకు ఇక్కడి బడిలో చిన్నప్పటి నుంచీ "నీకు ఎందుకలా అనిపిస్తోందో చెప్పు" అని నేర్పుతారు. మామూలు రోజుల్లో ఈ రెండూ ఎలాగోలా సర్దుకుపోతాయి. రెండు టన్నుల బరువు బండి వెనక తగిలించుకుని హైవే ఎక్కేటప్పుడు మాత్రం ఆ సర్దుబాటు పనికిరాదు. తేడా కనిపించినవాళ్ళు, వయసు ఎంతైనా సరే, నోరు తెరిచి చెప్పాలి.

పిల్లలూ నేనూ కలిసి ఒక పాత కారు బాగుచేసుకుంటున్నాం. దాన్ని తీసుకెళ్ళడానికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ కొన్నాం. ఖాళీగా లాగితే బుద్ధిగా వచ్చేది. కారు ఎక్కించాక కాస్త వేగం అందుకుంటే చాలు, వెనక భాగం అటూ ఇటూ ఊగేది. అలా ఊగినప్పుడు సడన్ బ్రేక్ వేసినా, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూసినా ప్రమాదమే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టాలి.

ఇలా ఊగడానికి చాలాసార్లు కారణం ముందు భాగం తేలికగా ఉండటమే. ట్రైలర్, దాని మీది సరుకు కలిపి ఎంత బరువుంటే అందులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్‌ను తగిలించడానికి లాగే బండి వెనక ఉండే గుండు మీద పడాలని చెబుతారు. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. మరీ ఎక్కువైనా చిక్కే. లాగే బండి వెనక కుంగుతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి. బండికీ హిచ్‌కీ కంపెనీ ఇచ్చిన పరిమితి ఎటూ దాటకూడదు.

అప్పుడు మా అన్నయ్య మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఏళ్ళ తరబడి లారీ షెడ్డులో పనిచేసిన మనిషి. ట్రైలర్ కింద దూరి చూసి, "ఇరుసులు ముందుకున్నాయిరా, కమాన్ కట్టల బ్రాకెట్లు కోసి వెనక్కి జరపాలి" అన్నాడు. ఆ మాట నిజమే. ఇరుసు వెనక్కి వెళితే హిచ్ మీద బరువు పెరుగుతుంది. మా అమ్మాయి మాత్రం "నో, అవసరం లేదు" అనేసింది. అన్నయ్య ముఖం చిన్నబోయింది.

నేను దాన్ని నోర్మూసుకోమనలేదు. అలాగని ఊరుకోనూ లేదు. "నీ లెక్కేంటో పెదనాన్నకు చూపించు, ఆయన్నీ అడుగు" అన్నాను. కాసేపు ఆలోచించుకుని, "పెదనాన్నా, ముందు ఒకసారి తూచి చూద్దామా? కారునే ముందుకు జరిపితే చాలేమో, మీరు చూసి చెప్పండి" అంది. చెప్పిన మాటలో ఏమీ తగ్గలేదు, అడిగిన తీరు మాత్రం మారింది. పిల్లలకు నేను నేర్పాలనుకునేది ఇదే. గౌరవం పేరుతో నిజం దాచుకోవడం నాకు ఇష్టం లేదు, నిజం పేరుతో మనిషిని తీసిపారేయడమూ ఇష్టం లేదు.

బాత్రూమ్ స్కేలు టంగ్ వెయిట్ అంత బరువు మోయదు కాబట్టి చెక్క దూలం సాయం తీసుకున్నాం. దూలానికి ఒక చివర కింద ఇనప పైపు, రెండో చివర కింద స్కేలు, మధ్య దూరం 90 సెంటీమీటర్లు. హిచ్‌కు తగిలే ట్రైలర్ మూతిని పైపు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర దించాలి. అప్పుడు బరువులో మూడో వంతే స్కేలు మీద పడుతుంది. దూలం బరువు ముందే తీసేయాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, ట్రైలర్ సమంగా ఉండాలి. స్కేలు 37 చూపించింది. అంటే 111 కిలోలు. ట్రైలర్ 800, కారు 1,200, మొత్తం 2,000 కిలోలు. కనీసం 200 ఉండాలి.

కారు ఇంకా ముందుకు రాకుండా వించ్ (కారును తాడుతో ట్రైలర్ మీదికి లాగే యంత్రం) ఉన్న స్తంభం అడ్డుపడుతోంది. దాన్ని 25 సెంటీమీటర్లు ముందుకు జరిపితే కారు కూడా అంతే ముందుకొస్తుంది. హిచ్ నుంచి ఇరుసుల మధ్యకు దూరం 4 మీటర్లు. 1,200ని 0.25తో గుణించి 4తో భాగిస్తే హిచ్ మీద పెరిగేది 75 కిలోలు. మా అమ్మాయి కాగితం మీద వేసిన లెక్క ఇదీ. ఇంకా కొంచెం తక్కువైంది. "వెనకున్న స్టెప్నీని ముందుకు తెస్తే?" అన్నాడు అబ్బాయి. పాతిక కిలోల చక్రం నాలుగున్నర మీటర్లు ముందుకు వస్తే మరో 28 కిలోలు కలుస్తాయి.

అన్నయ్య కాగితం చూసి తలూపాడు. తర్వాత లెక్కలో లేని సంగతి ఆయనే పట్టుకున్నాడు. స్తంభాన్ని కొత్తచోట నిలబెడితే దాని కింద పైరేకు తప్ప ఏమీ లేదు. లాగుడు మొదలైతే రేకు చిరిగిపోతుంది. కింద అడ్డదూలం ఒకటి వేయించి, స్తంభాన్ని దానికి బోల్టులతో బిగించాడు. ప్రయాణంలో కారును పట్టుకోవాల్సింది వించ్ తాడు కాదనీ, నాలుగు మూలలా కట్టిన రాట్చెట్ బెల్టులనీ పిల్లలిద్దరికీ దగ్గరుండి చూపించాడు. "పెదనాన్నా, ఇది ఇంకా బిగించాలా?" అని అబ్బాయి అడుగుతుంటే, ఆ షెడ్డు రోజులు ఆయన ముఖంలో కనిపించాయి.

మళ్ళీ తూస్తే స్కేలు 71 చూపించింది. 213 కిలోలు. బయలుదేరాక వేగం మెల్లగా పెంచుతూ అద్దంలో చూస్తూనే ఉన్నాను, ట్రైలర్ గీత గీసినట్టు వెనకే వచ్చింది. ఇరుసులు కోసే పని తప్పింది. కోసి ఉంటే రెండు వైపులా హిచ్ నుంచి కొలతలు సరిచూసుకుంటూ మళ్ళీ వెల్డింగ్ చేయాలి, బ్రేక్ వైర్లు పొడిగించాలి.

ఇంజిన్ వెనక ఉండే కారు ఎక్కిస్తే ఈ అంకెలన్నీ మారిపోతాయి. అందుకే సరుకు మారినప్పుడల్లా మళ్ళీ తూస్తున్నాం. ఆ బాధ్యత మా అమ్మాయిది. అది సరే అనేదాకా నేను తాళం తిప్పను.